గాదె వెనక పాదం

ఎప్పటి మాటో గానీ, గువ్వలకోట రాజు భైరవభూపతి తన చిన్ననాటి అల్లరంతా తాటాకుల మీద నవ్వుల కథగా రాసుకున్నాడు. ఆ పుస్తకం పైచెక్క మీద బొమ్మ వెయ్యమని చిత్రకారిణి సింగమ్మను పిలిపించి మీసం దువ్వాడు.

"బొమ్మ చూడగానే జనం నవ్వాలి. అందులో నేనుండాలి. నన్ను చూసి ఒక్కడు నవ్వినా నువ్వు దేశం విడిచిపోవాల్సిందే!"

సింగమ్మ కథంతా చదివించుకుని విని, బొమ్మ వేసి తెచ్చింది. అందులో అయ్యవారు బెత్తం పట్టుకుని రొప్పుతున్నారు. వడ్ల గాదెకు అడ్డంగా నిలబడ్డ దాది అక్కమ్మ ఏమీ ఎరగనట్టు ఆకాశం చూస్తోంది. సభంతా గొల్లున నవ్వింది.

"నేనెక్కడ?" అని రాజు గద్దించాడు.

"గాదె వెనక, ప్రభూ." అక్కడ వెండి మువ్వల పాదమొకటి తొంగిచూస్తోంది. "అదెవరిదో కథ చదివినవాళ్ళకే తెలుస్తుంది. అప్పటికి మీరు వాళ్ళకి ముద్దొచ్చేసి ఉంటారు. ప్రతి అల్లరిలోనూ మిమ్మల్ని కాచింది అక్కమ్మే కదా, అందుకే ముందు నిలబెట్టాను."

రాజు అప్పటికప్పుడే, ఏళ్ళ తరబడి మరిచిపోయిన అక్కమ్మను పల్లకీ పంపి రప్పించి, పుస్తకం ఆమె చేతిలో పెట్టి, కాళ్ళకు మొక్కాడు.

ముసలి అక్కమ్మ బొమ్మను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, రాజు చెవిలో గుసగుసలాడింది.

"కాలు లోపలికి లాక్కో నాయనా, అయ్యవారు చూస్తారు!"