గూడుబండి గుమ్మం

ఎంత అప్పు పడ్డా ఉంటున్న ఇంటిని జప్తు చేయకూడదని వేగవరం రాజుగారి శాసనం. కోసిన వరిచేలల్లో బాతులు మేపుకుంటూ ఊరూరా తిరిగే చెంగమ్మ కాపురమంతా ఒక గూడుబండిలోనే. బాతులకు తెగులొచ్చి ఆమె బాకీ పడేసరికి, షావుకారు పానకాలు ఆ బండి మీద కన్నేసి ధర్మాధికారి దగ్గర ఫిర్యాదు పెట్టాడు.

"చక్రాలున్నది ఇల్లెలా అవుతుందండీ? బండి నాకిప్పించండి," అన్నాడు.

చెంగమ్మ నిదానంగా అడిగింది. "అయ్యా, బాకీదారు ఇంటి గుమ్మానికి తాఖీదు అంటించకపోతే ఫిర్యాదు చెల్లదంటారు గదా. నా తాఖీదు ఎక్కడ అంటించారో షావుకారుగారిని చెప్పమనండి."

"నీ బండికే. నా చేత్తో నేనే అంటించాను," అని పానకాలు నాలిక కరుచుకున్నాడు.

ధర్మాధికారి నవ్వాడు. "అది ఇల్లు కాకపోతే నీ ఫిర్యాదు చెల్లదు. ఇల్లయితే జప్తు చెల్లదు. ఏదంటావు?"

"ఇల్లేనండి," అని గొణిగాడు పానకాలు.

"అయితే నెలకు రెండొందల గుడ్ల చొప్పున మూడేళ్ళలో బాకీ తీరుస్తుంది. ఈ తీర్పుకు ఇద్దరూ కట్టుబడాలి."

"ఈవిడ మీద నాకు నమ్మకం లేదు. ప్రతి పున్నమికీ నేనే ఆవిడ ఇంటికెళ్ళి లెక్కపెట్టి తెచ్చుకుంటాను. అదీ రాయించండి."

రాయించి ముద్ర వేశారు.

పున్నమినాడు పానకాలు పంచె ఎగగట్టి, బురదలో బాతుల అడుగులు వెతుక్కుంటూ నాలుగూళ్ళు దాటి బండి దగ్గరికి చేరాడు. చెంగమ్మ పీట వేసి మంచినీళ్ళిచ్చింది.

"వచ్చే పున్నమికి ఇల్లు ఏటి అవతల ఉంటుంది బాబూ. పెందలాడే బయల్దేరండి."