నక్క తెచ్చిన డాలు

రాజులు పోయి, గోడలు కూలి, చివరికి కందకంలో బురద మాత్రం మిగిలిన కోట అది. ఆ కందకం గట్టున, గడ్డిలో, కుందేలు గవరమ్మ మూడు పిల్లల్ని కన్నది. పట్టుమని పది గెంతులు వెయ్యలేని కూనలు.

నక్క సింగయ్య వస్తే ఆమెది ఒకటే పద్ధతి. పిల్లల్ని గడ్డిలో వదిలి, అతని ముక్కు ముందునుంచే ఎదురు దిక్కుకి పరుగు. సింగయ్య వెంటపడి, రొప్పి, వట్టి నోటితో వెనక్కి పోయేవాడు. పిల్లలెక్కడున్నారో అతనికి ఇప్పటికీ అంతుపట్టలేదు. అయినా గవరమ్మకి ప్రతిసారీ గుండెలో ముల్లు గుచ్చుకునేది, పిల్లల్ని వదిలి పారిపోయే తల్లినయ్యానే అని.

ఆ ముల్లుని సింగయ్య కనిపెట్టాడు. ఒక పొద్దున కోటలోంచి పాత చెక్క డాలొకటి ఈడ్చుకొచ్చి దూరంగా నిలబడ్డాడు.

"భయపడకు గవరమ్మా, ఈపూట ఉపవాసం."

"నీ ఉపవాసాల సంగతి కౌజుపిట్ట ఈకలు చెప్పాయిలే మావా."

"వెటకారం తర్వాత. ముందు చరిత్ర విను. మొదట్లో మనిషి వెదురు తడిక అడ్డం పెట్టుకున్నాడు. బాణం దూరింది. దున్నపోతు తోలు పట్టాడు. ఈటె దూరింది. ఆపైన చెక్క, చెక్క మీద తోలు, అంచు చుట్టూ ఇనప పట్టీ. అప్పట్నుంచి పారిపోవడం మానేశాడు. డాలు పట్టినవాడు నిలబడతాడు. వాడి వెనక పిల్లలు నిద్రపోతారు."

ఆ చివరి మాట గవరమ్మ కడుపులోకి దిగింది. నక్క వెళ్ళాక డాలుని దొర్లించుకుంటూ బయల్దేరింది. దారిలో తాబేలు పోలమ్మ అడ్డొచ్చింది. ఆ కందకంలో అందరికీ ఆమె అవ్వే.

"ఎవరిచ్చారే?"

"నక్క మావ."

"అడగందే అమ్మయినా పెట్టదు. నక్క పెట్టిందా?"

"ఇక నేను పిల్లల ముందు నిలబడతాను అవ్వా."

"నిలబడు. వాడికి వెతుక్కునే పని తప్పుతుంది. డాలు ఉన్నచోటే పిల్లలని తెలిసిపోతుంది."

గవరమ్మ చెవులు వాలిపోయాయి. "పారిపోయేదాన్నని నన్ను నేనే తిట్టుకోలేక..."

"పిచ్చి మొహమా. ఇన్నాళ్ళూ నీ పరుగే కదే వాళ్ళకి డాలు." పోలమ్మ మెడ చాచి అంచుని వాసన చూసింది. "దీని తోలేదీ? పట్టీ ఏదీ?"

"పట్టీ తుప్పు పట్టి రాలింది. తోలు ఎవరో నమిలేశారు, పంటి గాట్లున్నాయి."

"ఎవరో ఏమిటి, వాడే. ఆశపోతు. డాలు బలం తగ్గించాననుకున్నాడు. మా ముత్తవ్వ ఈ గట్టున యుద్ధం చూసిందట. పట్టీ ఉన్న డాలు కత్తిని పక్కకి జారుస్తుంది. పట్టీ లేని ఇలాంటి మెత్తటి బూరుగు చెక్క కత్తిని లోపలికి రానిచ్చి, ఇక వదలదు. అప్పుడు ఒక్క మెలి తిప్పితే చాలు."

గవరమ్మ డాలుని పిల్లలకి బాగా దూరంగా తీసుకెళ్ళింది. నక్క కందకంలోంచి ఎక్కివచ్చే దారి పైన, ఒక ఖాళీ పొద ముందు నిలబెట్టి, వెనక నిలబడింది. పోలమ్మ మెల్లగా వచ్చి డాలు అడుక్కి తన పెంకు ఆనించింది.

"నువ్వెందుకవ్వా, పో."

"పుట్టినప్పట్నుంచీ ఒకటి మోస్తున్నా. ఇంకోటి ఎక్కువా?"

సాయంత్రం సింగయ్య గట్టెక్కాడు. "నిలబడ్డావే! వెనక పిల్లలేనా?"

"వచ్చి చూడు మావా."

ఒక్క దూకు. డాలుని లాగి పారేద్దామని పై అంచుకి కోరలు దింపాడు. బూరుగు చెక్క మెత్తగా పుచ్చుకుంది. తిరిగి ఇవ్వలేదు.

"ఊఁ, ఊఁ," అన్నాడు సింగయ్య.

"మిగతా చరిత్ర చెప్పు మావా, వింటాను," అని గవరమ్మ వెనక్కి తిరిగి రెండు కాళ్ళతో డాలుని ఒక పక్కగా తన్నింది. పోలమ్మ కిందనుంచి పెంకుతో ఎత్తింది. డాలు మెలి తిరిగింది. దాంతోపాటు నక్క మెడా తిరిగింది. రెండూ కలిసి గట్టు దొర్లి బురదలో పడ్డాయి. చాలాసేపు పెనుగులాడాక సింగయ్య ఒడ్డెక్కాడు గానీ, రెండు కోరలు చెక్కలోనే ఉండిపోయాయి.

"నేను నిలబడ్డాను కదవ్వా," అంది గవరమ్మ.

"నిలబడ్డావు తల్లీ. రేపట్నుంచి మళ్ళీ పరిగెత్తు."

పగవాడు చేతికిచ్చిన డాలుని ముందు వాడి పళ్ళ మీదే పరీక్షించాలి.