శని చూపు, గురువు చూపు

అనగనగా రత్నగిరికి ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు, ముక్కు మీద కోపం, అన్నిటికీ తొందర. అన్నం పూర్తిగా నమలడు, మాట పూర్తిగా వినడు.

మూడో కొడుకు మణిధరుడు పుట్టినప్పుడు ఆస్థాన జ్యోతిష్కుడు సోమయాజులుగారు పన్నెండు ఇళ్ల జాతకచక్రం వేశారు.

"మహారాజా, మొదటి ఇంట్లో శని ఉన్నాడు. తానున్న చోటి నుంచి మూడో ఇంటిని, ఏడో ఇంటిని, పదో ఇంటిని చూస్తాడు. ఏడో ఇల్లంటే పెళ్లి..."

అంతే! రాజు గుండె బాదుకుంటూ లేచి వెళ్లిపోయాడు. రాజు లేస్తే సభ ముగిసినట్టే. ఆ తర్వాత ఎవరూ నోరు విప్పకూడదు. మళ్లీ అడిగితే తప్ప జాతకం చెప్పకూడదు. పాపం, ఆ ముసలాయన రెండో మాట నోట్లోనే ఉండిపోయింది.

మణిధరుడికి మాత్రం 'శని చూపు వాడు' అన్న పేరు స్థిరపడింది. పెళ్లిళ్లకు పిలవరు. ముహూర్తం వేళ ఎదురు రానివ్వరు. పిల్లవాడు పైకి నవ్వేవాడే కానీ లోపల ఎంత కుమిలిపోయాడో!

ఇలా ఉండగా, జ్వాలాకేతుడనే మాంత్రికుడు మందారిక అనే రాజకుమారిని ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. ఆమెను విడిపించడానికి పెద్దన్న వెళ్లాడు, తిరిగి రాలేదు. చిన్నన్న వెళ్లాడు, తిరిగి రాలేదు.

"నేను వెళ్తాను నాన్నగారూ."

"నీ జాతకంతోనా? వద్దు!" అని రాజు లేచి వెళ్లిపోయాడు.

మణిధరుడు నేరుగా సోమయాజులుగారి దగ్గరికి వెళ్లాడు. "తాతగారూ, నా జాతకంలో శని తప్ప ఇంకెవరూ లేరా?"

"అమ్మయ్య, ఇన్నాళ్లకు అడిగావా!" ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీకు మూడో ఇంట్లో గురువున్నాడు నాయనా. ఆయన చూపు ఐదో ఇంటి మీద, ఏడో ఇంటి మీద, తొమ్మిదో ఇంటి మీద పడుతుంది. మూడు నుంచి ఐదు లెక్కపెట్టు. గ్రహం ఉన్న ఇల్లే ఒకటి, మరిచిపోకు."

మణిధరుడు వేళ్లు మడిచాడు. మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు. "ఏడో ఇల్లే!"

"అదే మరి! శని చూపు ఆలస్యం చేస్తుంది. గురువు చూపు కాపాడుతుంది. ఒక్క చూపే చూసి తీర్పు చెప్పకూడదు."

మణిధరుడు సంతోషంగా బయల్దేరాడు. తీరంలో వలలో చిక్కిన ముసలి తాబేలును విడిపిస్తే, అది అతన్ని వీపు మీద ఎక్కించుకుంది. ఉప్పు సముద్రం దాటింది, చెరకురసం సముద్రం దాటింది, నేతి సముద్రంలో జర్రున జారింది. పెరుగు సముద్రంలో మాత్రం కాస్త ఆలస్యం చేసింది. ఎందుకో మీకు చెప్పాలా? మూతి తుడుచుకుని మిగతావీ దాటింది.

మాంత్రికుడి ఇల్లు పూర్వం ఎవరో సిద్ధుడు కట్టించింది. నడుమ వాకిలి, చుట్టూ పన్నెండు గదులు. మాంత్రికుడు ఇంట్లో లేడు. వాకిట్లో ఉన్న మందారిక అతని ముఖంలో అన్నల పోలికలు చూసి కంగారుగా ఎదురొచ్చింది.

"వెళ్లిపోండి బాబూ! మొదటి గదిలో శని బొమ్మ ఉంది. దాని చూపు పడిన గదిలో అడుగుపెడితే రాయైపోతారు. మీ పెద్దన్నగారు దాని పక్క గదిని ఒకటిగా లెక్కపెట్టుకుని, పదో గదికి భయం లేదనుకుని వెళ్లి రాయయ్యారు. చిన్నన్నగారు సరిగ్గానే లెక్కపెట్టారు. శని చూసే మూడు గదులూ వదిలేసి మిగతావన్నీ వెతికారు. ఈలోగా మాంత్రికుడు వచ్చి రాయిని చేశాడు. వాడి ప్రాణం చిలకలో ఉంది, ఆ చిలకేమో వాడి చేయి తప్పించుకుని ఏడో గదిలో దూరింది."

"చిలక రాయి కాలేదా?"

"లేదే! రోజూ గడప బయటి నుంచే జామపండు విసురుతాను. తిని నన్నే తిడుతుంది."

"మూడో గదిలో ఏముంది?"

"చిరునవ్వు నవ్వే పసుపుపచ్చ బొమ్మ. మాంత్రికుడు అటువైపే పోడు."

పసుపు గురువు రంగని మణిధరుడికి తట్టింది. అచ్చం తన జాతకమే! అయినా ఏడో గది గడప ముందు ఆగాడు. పుట్టినప్పటి నుంచి విన్న మాట ఒక్కరోజులో పోతుందా? మళ్లీ వేళ్లు మడిచి చూసుకుని, లోపలికి అడుగు వేశాడు.

కాళ్లు సీసంలా బరువెక్కాయి. చలి మోకాళ్ల దాకా పాకింది. కానీ ఎండలో నిలబడ్డట్టు వీపు వెచ్చబడింది. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా నడిచి చిలకను పట్టుకున్నాడు.

అప్పుడే మాంత్రికుడు ఊడిపడ్డాడు. "బయటికి రారా, బూడిద చేస్తాను!"

"నువ్వే లోపలికి రా."

వాడు గడప దాకా వచ్చి ఆగిపోయాడు. వాడికీ శని చూపు ఒక్కటే తెలుసు మరి.

"రావా? అయితే ఈ చిలకను పదో గదిలోకి విసురుతాను. అక్కడ గురువు చూపు పడదు."

మాంత్రికుడు మోకాళ్ల మీద కూలబడ్డాడు. అన్నలిద్దరినీ మనుషుల్ని చేశాడు. తన మంత్రాల చాప మీద అందరినీ, తాబేలుతో సహా, రత్నగిరి చేర్చాడు.

దారిలో మణిధరుడు దాచకుండా చెప్పాడు. "నా పెళ్లి ఇంటి మీద శని చూపుంది."

మందారిక నవ్వింది. "ఆలస్యంగానే వచ్చారుగా. ఆ లెక్క తీరిపోయింది."

ఇద్దరికీ వైభవంగా పెళ్లయింది. తర్వాత మణిధరుడు రాజై చాలాకాలం చల్లగా ఏలాడు. చిలక అతని భుజం మీదే ఉండేది కాబట్టి, మాంత్రికుడు బుద్ధిగా తోటకు నీళ్లు పోసేవాడు.

వాళ్లకు పాప పుట్టిన రోజున సోమయాజులుగారు చక్రం వేసి, "మొదటి ఇంట్లో కుజుడు..." అన్నారు. ముసలిరాజు ఉలిక్కిపడి సగం లేచాడు. మణిధరుడి వైపు చూశాడు. మళ్లీ కూర్చుని, కొడుకు చేయి పట్టుకున్నాడు.

"చెప్పండి సోమయాజులుగారూ," అన్నాడు. "ఈసారి చివరిదాకా వింటాను."