వెనక సీటు

తండ్రి పోయిన దుఃఖం శంభులింగానికి మెల్లగా ఒక కొలిక్కి వచ్చింది గానీ, తండ్రి వదిలివెళ్లిన కారు సంగతే ఎటూ తేలలేదు.

అది తెల్ల అంబాసిడర్. దాన్ని కిరాయికి తిప్పుతూనే తండ్రి వీరమల్లు ఇల్లు నడిపాడు. చుట్టుపక్కల పల్లెల్లో పెళ్లికొడుకు ఊరేగాలన్నా, జబ్బుపడ్డవాళ్లను పట్నం చేర్చాలన్నా వీరమల్లు కారే రావాలి. ఆయన పోయాక శంభులింగం దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. తన బట్టల దుకాణానికి సెలవు దొరికినప్పుడల్లా మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. వెనక సీటుకు మందపాటి ప్లాస్టిక్ తొడిగి అంచులు కుట్టించాడు. దాని మీద పిల్లల్ని కూడా కూర్చోనిచ్చేవాడు కాదు. తండ్రిని తనంత భక్తిగా తలుచుకునే కొడుకు ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడని అతనికి లోలోపల కొంత గర్వంగానే ఉండేది.

కారుకు మాత్రం వయసు మీదపడింది. అడుగు రేకు తుప్పుపట్టి రాలుతోంది. ఎత్తు ఎక్కితే ఇంజను కాగిపోతుంది. ఎడమ డోరు కాస్త పైకెత్తితే గానీ పడదు. మెకానిక్ రహీం దాచకుండా చెప్పాడు.

"సామాన్లు దొర్కుతయన్నా, గని ఎతకాలె. చేపిస్తే ఇంకా నడుస్తది. చేపియ్యకుంట ఇట్ల నిలవెడితే మాత్రం నిలవడ్డకాడ్నే మన్నైతది."

భార్య శోభ కూడా ఒకటే మాట అంది. "మనుషులు పండుకునేందుకు లేని అర్ర బండికున్నది. ఉంచుకుంటే ఉంచుకో, ఇస్తే ఇయ్యి. ఏదో ఒకటి తేల్చు."

అలాంటి సమయంలో, పెద్దరోడ్డు పక్కన కొత్త హోటల్ కట్టిన ఆయన వచ్చి కారు చూసి మురిసిపోయాడు. "మా హోటల్ ముంగట గద్దె కట్టి నిలవెడతం. మీద పందిరేస్తం, లైట్లు పెడతం. మీ నాయిన పేరు గూడ రాపిస్తం. ఎల్లుండొస్త, ఏ సంగతో చెప్పు" అని వెళ్లాడు.

అక్కడైతే వానకు తడవదు, ఎండకు ఎండదు. పదిమందీ చూస్తారు. ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాడు శంభులింగం. అనుకున్నప్పటి నుంచి అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే కారు తీసి గురువుగారి దగ్గరికి బయలుదేరాడు.

గురువు చెన్నయ్య దేశికులు వాగు ఒడ్డున చిన్న పెంకుటింట్లో ఉంటారు. ఎనభై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా ఉంటారు. అడిగినదానికి వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. శంభులింగం కూడా జవాబుల కోసం వెళ్లేవాడు కాదు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే ఆయన కదలకుండా వినే తీరు, తాగిన ముంతను చప్పుడు కాకుండా కింద పెట్టే తీరు చూస్తే చాలు, అతనికి ఎంత బరువైనా దిగినట్టుండేది.

ఈసారి మాత్రం జవాబే కావాలి. ఉన్నదంతా చెప్పి, "ఉంచుకుందామంటే ఆశ అనిపిస్తున్నది సామీ. ఇచ్చేద్దామంటే పాపమనిపిస్తున్నది. నన్నేం చెయ్యమంటరు?" అన్నాడు.

దేశికులు లేచి వాకిట్లోకి వచ్చారు. కారు చుట్టూ నెమ్మదిగా తిరిగారు. ఇంజను రేకు మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డారు.

"మంచి బండి" అన్నారు. అంతే.

అంతలో కుమ్మరి సాయవ్వ రొప్పుకుంటూ వచ్చింది. ఆమె భుజాల మీద చిన్న లేగదూడ ఉంది. ముందరి కాలు ఒకటి వేలాడుతోంది.

"గట్టు మీదికెళ్లి జారి పడ్డది సామీ. ఆటోలన్నీ వారం అంగడికి వొయినయ్. పసువుల దవఖాన దాంక నేను మొయ్యలేను" అంది.

దేశికులు చేతులు చాచి లేగను అందుకున్నారు. ఆ వయసులోనూ దాని విరిగిన కాలు కదలకుండా గుండెకు ఆనించుకున్నారు.

"శంభులింగం, వెనక డోరు తియ్యి" అన్నారు.

అతను తీశాడు. ఆయన లేగను సాయవ్వ చేతికిచ్చి, వంగి సీటు తడిమి చూశారు. "ఇది జారుతది. కాలు కదిలితే దానికి నొప్పి" అంటూ ప్లాస్టిక్ అంచు పట్టుకుని ఒక్క లాగు లాగారు. కుట్లు పటపటా తెగాయి. ఆ చప్పుడు శంభులింగం గుండెలో తగిలింది.

"సామీ, అది నాయిన ముచ్చటపడి కుట్టిచ్చిన సీటు."

"అవును, మెత్తగున్నది" అన్నారు దేశికులు, లేగను మళ్లీ అందుకుని ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చుంటూ.

సాయవ్వ ముందు ఎక్కింది. కారు కదిలింది. గుంట వచ్చినప్పుడల్లా శంభులింగం అద్దంలో వెనక్కి చూశాడు. మొదట సీటునే చూశాడు. తర్వాత ఎప్పుడో గురువుగారి చేతుల్ని చూడటం మొదలుపెట్టాడు. విరిగిన కాలి కింద ఆయన రెండు అరచేతులూ దోసిలిలా పట్టి ఉన్నాయి. కారు ఎంత ఊగినా ఆ దోసిలి మాత్రం కదలడం లేదు.

"ఈ బండిల ముంగట కూసునుడు నాకిదే మొదలు కొడుకా. అప్పుడు వెనకాల పండవెట్టిండ్రు" అంది సాయవ్వ.

"ఎప్పుడవ్వా?"

"నా పెద్దబిడ్డ కాన్పప్పుడు. దవఖాన చేరనే లేదు. వాగు దాటంగనే కన్న. మీ నాయిన బండాపి, అటు మొఖం పెట్టి నిలవడ్డడు. అంతా మా అత్తనే చూసుకున్నది. సీటు మొత్తం ఖరాబైంది. నేను సిగ్గుతోని ఒకటే ఏడుపు. మీ నాయిన సీటు ఊడదీస్కపోయి వాగుల కడిగిండు. 'కడిగితే పోయేదానికి ఏడుస్తరా? పిల్ల మంచిగున్నది సూడు' అన్నడు."

చిన్నప్పుడు తండ్రి అప్పుడప్పుడు తడి సీటును వాకిట్లో ఆరేయడం శంభులింగం చూశాడు. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

గుట్ట ఎక్కేచోట ఇంజను కాగి ఆగిపోయింది. శంభులింగం దిగి, పక్క చేనులో బోరు దగ్గర డబ్బాతో నీళ్లు పట్టుకొచ్చాడు. ఇంజను చల్లారేదాకా ఆగి, నీళ్లు పోశాడు. చెమట తుడుచుకుంటూ వెనక్కి చూస్తే దేశికులు కూర్చున్న చోటే కూర్చున్నారు. లేగ నిద్రపోయింది. ఎండ దాని మీద పడకుండా ఆయన తన పైగుడ్డను డోరుకు అడ్డంగా పట్టుకున్నారు.

కారు మళ్లీ అందుకుంది. ఈసారి గుట్ట ఎక్కుతుంటే ఇంజను ఎక్కడ బరువు మోస్తోందో, ఎక్కడ తేలికపడుతోందో అతనికి కాలికింద తెలిసింది. ఇన్నాళ్లూ తుడిచాడు గానీ ఇది ఎప్పుడూ తెలియలేదు.

పశువుల డాక్టరు కాలు సరిచేసి కట్టు కట్టాడు. తిరిగివచ్చేటప్పుడు లేగ సీటంతా, గురువుగారి పంచంతా పాడుచేసింది. సాయవ్వ నొచ్చుకుంది. "కానియ్యి. కడుపు నడుస్తున్నదంటే పానం మంచిగున్నట్టే" అన్నారు దేశికులు.

వాగు దగ్గర ఆయన కారు ఆపమన్నారు. లేగను సాయవ్వ ఒడికి అందించి, సీటును పట్టుకుని ఊడదీయబోయారు. శంభులింగం గబగబా వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు.

"మీరెందుకు సామీ? నేను కడుగుత."

ఆయన మారుమాట లేకుండా వదిలి, ఒడ్డున ఇసుకలో కూర్చున్నారు.

శంభులింగం ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగాడు. సీటును నీళ్లలో ముంచి, దోసిళ్లతో పోసి, అరచేత్తో రుద్దాడు. కుట్ల మధ్య పాత మరకలు కనిపించాయి. అవి ఎవరెవరివో, ఏ ఊళ్లవో. ఎంత రుద్దినా అవి పోలేదు. కాసేపటికి వాటిని పోగొట్టాలని రుద్దడం మానేశాడు.

సీటును కారు పైన ఎండకు పెట్టి, వచ్చి గురువుగారి ముందు కూర్చున్నాడు. అతని చేతుల నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.

"హోటలాయన రేపొస్తడు సామీ. ఏం చెప్పాలె?"

దేశికులు కారు వైపు చూశారు.

"ఇన్ని దినాలు అది మీ నాయిన దగ్గర్నే ఉండె. నీ దగ్గరికి ఇయ్యాల్నే వచ్చింది. వచ్చిన దాన్ని ఏం చేసుకుంటవో నీ ఇష్టం."

శంభులింగం లేచి, ఎండుతున్న సీటును రెండో వైపుకు తిప్పిపెట్టాడు. తర్వాత సాయవ్వ వైపు తిరిగాడు.

"కట్టు మళ్లెప్పుడు మార్పియ్యాలన్నరవ్వా?"

"వచ్చే అంగడి నాడన్నరు కొడుకా. ఆ దినం ఆటోలు దొర్కయ్."

"నేనొస్త" అన్నాడు శంభులింగం. "ముందుగాల రహీం దగ్గర ఇంజను చేపిచ్చుకోని, పొద్దుగాల్ల వస్త."