గోమయ జ్యోతి వ్రత కథ

అక్షతలు చేతబట్టి, కబుర్లు కట్టిపెట్టి వినుడు.

పూర్వము దర్భకేతు మహాముని శంఖపాద మునిని చూచి, కలియుగమున కట్టెపుల్ల కరువైనపుడు గృహస్థుల పొయ్యి ఏ వ్రతముచే వెలుగునని అడిగెను. ఆ ముని నవ్వి యిట్లు చెప్పెను.

ఆవులపాడను గ్రామమున తాయమాంబ యను ఇల్లాలు కలదు. ఆమె అత్త బంగారమ్మ ప్రతి ఉదయము పేడలో నీరు కలిపి, గడ్డిపరకలేరి, పెరటిలోని మూతగల గుంటలో పోసెడిది. అందు పుట్టిన గ్యాసు గొట్టము వెంట వంటింటికి వచ్చి, పొగ లేక వెలిగెడిది. ఇంటిల్లిపాది ఆ వంటయే తినుచుండిరి. తాయమాంబకు మాత్రము అది తలవంపుగా నుండెను. అదే పేడతో వాకిట కళ్ళాపి చల్లునపుడు లేని సిగ్గు, పొయ్యి కాడ వచ్చెనట!

తన అన్నగారి కొత్త భార్య హైమవతి పట్నమునుండి తల్లితో వచ్చుచున్నదని తెలిసి, తాయమాంబ వాసన పోవలెనని కొట్టమును దినదినము ఫినాయిలుతో కడిగెను. ఆ నీళ్ళు గుంటలోకి పోనీయవద్దని అత్త వారించినను పెడచెవిని పెట్టెను. పేడను పులియజేయు సూక్ష్మజీవులన్నియు నశించెను.

చుట్టాలు వచ్చిరి. మోచేతుల దాకా పేడతో నున్న ముసలామెను చూచి, ఎవరని హైమవతి అడిగెను.

“కూలిమనిషిలే వదినా,” అనెను తాయమాంబ.

బంగారమ్మ వినెను. తల యెత్తక పరకలు ఏరుచుండెను.

ఇంతలో మంట కొండెక్కెను. అన్నము సగముడికి నిలిచెను. బంగారమ్మ చేతులు కడుగుకొని, కట్టెలు తెచ్చి, పొగలో కన్నీరు కార్చుచు వంట ముగించి, విస్తళ్ళు పరచి వడ్డింప వచ్చెను.

“కూలిమనిషి చేత వడ్డిస్తారా?” అని హైమవతి విస్తుపోయెను.

“ఈ పూట ఇంట్లో పని కూడా నాదేనమ్మా. పప్పు వెయ్యనా?” అనెను బంగారమ్మ.

కోడలి అబద్ధమును అత్త కాచెను. తాయమాంబకు సిగ్గుతో చచ్చిపోయినంత పనయ్యెను. విస్తరి ముందునుండి లేచి, “ఈవిడ మా అత్తమ్మ, వదినా. నేనే అబద్ధం చెప్పాను,” అని అందరి యెదుట ఏడ్చెను.

పిమ్మట పాడైన గుంటను తోడించి, పొరుగూరి గుంటలోని పులిసిన పేడనీరు తెచ్చి పోసి, అత్త చూపినట్లు తానే చేతులతో పేడ కలిపెను. కొన్ని వారములకు మంట మరల వెలిగెను. తొలి పాయసము అత్తకు పెట్టెను. ఆమె తినుచున్నంతసేపు తాయమాంబ తల యెత్తలేకపోయెను.

పాడి గలవారు, పొగకు కళ్ళు మండినవారు, తమవారిని పరుల యెదుట దాచినవారు ఈ వ్రతము చేయవలెను. వారి వంటిల్లు పొగలేక వెలుగును. గుంట ఎరువుతో చేను పండును. పోయిన మర్యాద మెల్లగా తిరిగి వచ్చును. కథ చెప్పుటలో నోరు తడబడినను, పేడ కలుపుటలో చేయి తడబడరాదు.

అక్షతలు దేవునిపై కొన్ని వేసి, తక్కినవి మీ యింట పేడ కలిపినవారి పాదములపై ఉంచి నమస్కరింపుడు.