పైడమ్మకి అప్పగించిన ఊరు

అనగనగా ఓ ఊరర్రా. ఆ ఊళ్ళో పైడమ్మని ఒకావిడ. నా అన్నవాళ్ళు లేరు పాపం. పలకరించే మనిషి లేక, సాయంత్రమయ్యేసరికి వాళ్ళ చావిడికీ వీళ్ళ చావిడికీ వెళ్ళి, ఆవుల గంగడోలు నిమురుతూ వాటితోనే కబుర్లు చెప్పుకునేది. ఊ కొడుతున్నారా?

ఆ దేశపు రాజు వాగు నీళ్ళన్నీ తన పూలతోటకి మళ్ళించుకున్నాడు. రాజులకి పూలు తింటే కడుపు నిండుతుంది కాబోలు. వాగు ఎండి చేను ఎండె, చేను ఎండి గాదె ఎండె, గాదె ఎండి కడుపు ఎండె. నీళ్ళు వదిలేదాకా కదలమని ఊరంతా వెళ్ళి కోట ముందు కూర్చుంది. రాజు నవ్వుకున్నాడట, పొద్దు వాలితే వాళ్ళే పోతార్లే అని. అలాగే అయ్యేది. ఆవు అలవాటైన చేతికి తప్ప పాలు చేపదు కదా, సాయంత్రానికి అందరూ పరుగున ఇల్లు చేరేవారు.

పైడమ్మా వెళ్ళింది. కేక వేస్తే గొంతు పెగల్లేదు. డప్పు అందుకుంటే వరస తప్పింది. అడ్డం రాకుండా ఇంటికి పొమ్మన్నారు. అందరిలో తనొక్కతే పనికిరానిదా అని దారంతా ఏడ్చింది. ఒరే, దుప్పటి లాక్కోకు, విను.

ఊళ్ళో మనిషి అలికిడి లేదు. లేగలు ఒకటే అరుపు. ఉండబట్టలేక ఓ ఆవు కింద చెంబు పెట్టింది. చేపింది! పక్కింటిదీ చేపింది, ఎదురింటిదీ చేపింది. ఎందుకు చేపవూ, ఇన్నేళ్ళుగా నిమిరిన చెయ్యాయె. జనం రొప్పుతూ వచ్చేసరికి ఇంటింటా పాలు, లేగలు కడుపు నిండి పడుకున్నాయి.

మర్నాడు బయల్దేరేవాళ్ళతో పైడమ్మ గుమ్మంలోంచే అంది: "ఇవాళ అక్కణ్ణించి లేవకండి. ఊరు నేను చూసుకుంటాను."

వాళ్ళు లేవలేదు. పొద్దు వాలినా లేవలేదు, మళ్ళీ పొద్దు వాలినా లేవలేదు. రాజు నవ్వు ఆగిపోయింది. ఇక్కడ పైడమ్మ ఒక్కతే పాలు పితికి, కుడితి పెట్టి, ఇంటింటా దీపం వెలిగించేది. ఎంత పనున్నా మాట్లాడే మనిషి లేకపోతే దిగులే కదర్రా. చివరికి వాగులో నీళ్ళొస్తే ముందు చూసింది ఆవిడే. చెప్పుకోడానికెవరూ లేక ఆవుకి చెప్పుకుంది.

జనం సంబరంగా తిరిగొచ్చారు. అందరిళ్ళలోనూ దీపాలు. పైడమ్మ ఇంట్లోనే చీకటి, తనది మర్చిపోయింది పిచ్చితల్లి. ఎవరింటి దీపం వాళ్ళు తెచ్చి ఆవిడ గుమ్మంలో పెట్టి, అక్కడే కూర్చుని భోంచేశారు. ఆ రాత్రి మొదలు ఆవిడ ఒంటరిగా తిన్నది లేదు.

ముందుకెళ్ళేవాళ్ళకి వెనక ఊరు కాసేవాళ్ళూ కావాలర్రా. కథ కంచి దారి పట్టింది, మీరు నా పక్కకి జరగండి.