కదలని ఖైదీ

పూర్వం విక్రమసేనుడనే రాజు పొద్దస్తమానం సింహాసనం దిగేవాడు కాదు. కాళ్ళు వాచాయి, ఆయాసం పట్టుకుంది. "కాస్త లేచి తిరగండి" అన్న పాపానికి వైద్యుణ్ణి ఖైదులో వేయించాడు.

సభ ఊడ్చే సాయమ్మ బిడ్డను బతికించింది ఆ వైద్యుడే. ఆమె మనసు ఊరుకోలేదు.

"ప్రభూ, ఖైదీ అంటే ఎవరండీ?" అని రాజునే అడిగింది.

"ఉన్నచోటు వదలలేనివాడు."

"వైద్యులవారు ఖైదు కొట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారండి. కదలంది తమరే."

రాజు రోషంగా లేచి సభంతా చుట్టాడు.

"ఈ ఒక్కరోజేనా అంటారండి జనం" అంది సాయమ్మ.

ఆ పంతంతో రాజు గంటగంటకూ లేచి తిరిగాడు. నెల తిరక్కుండా వాపు తగ్గింది. ఖైదు తలుపు తీయడానికి రాజే నడిచి వెళ్ళాడు. వెనకే సాయమ్మ, చీపురు చంకన పెట్టుకుని, రాణిలా నడిచింది.